పసిబిడ్డల దొడ్డికాళ్లు
(తిరుత్తణిలో మన సంఘసభయందు చేసిన ప్రసంగము)



తిరుత్తణి, తిరువళ్లూరు తాలూకాలలో ఎండకు కొదువ లేదు. అయినను ఒంటికి ఎండ సోకకయు, ఆహారమున కాల్షియము చాలకయు పసిబిడ్డల యెముకలు మెత్తబడు రికెట్స్ వ్యాధి మన యిండ్లకును రాగలదు. ఇది తలవ్రాత కాదు. డి విటమిను, కాల్షియముల లోటు.

గుర్తులు వినుడు. ఏడాదిన్నర దాటినను నడినెత్తి మాడు పూడదు. పండ్లు మొలచుట, నడచుట ఆలస్యమగును. మణికట్లు లావెక్కును, ప్రక్కటెముకల కొనలు పూసలవలె చేతికి తగులును. రెండేండ్లలోపు కాళ్లు కొంచెము వంగియుండుట సహజమే. పిమ్మటను వంపు పెరిగినచో వైద్యునికి చూపవలెను. ఆడుబిడ్డకు కటియెముక ఇరుకైనచో రేపు కాన్పు గండమగును.

కట్లవలనను, తాయెత్తులవలనను ఎముక గట్టిపడదు. ప్రభుత్వాసుపత్రిలో రక్తము, ఎక్స్‌రే పరీక్షించి మందిత్తురు. వర్తకులమైన మేము తూకము విలువ నెరుగుదుము. డి విటమిను మితిమీరినను హానియే; మోతాదు వైద్యుడే చెప్పవలెను. తల్లిపాలు శ్రేష్ఠమే గాని వానిలో డి విటమిను స్వల్పము. కనుక తొలి యేడాది దినమునకు 400 యూనిట్ల చుక్కలు ఇయ్యవలెనని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సలహా.

ఎదుగు బిడ్డకు పాలు, పెరుగు, రాగిజావ పెట్టుడు. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు మించి కాల్షియము కలదు. తెల్లబియ్యమున మిక్కిలి తక్కువ. పొద్దెక్కిన యెండలో కొంతసేపు ఆడనిండు; అద్దపుకిటికీ చాటున సోకిన యెండ పనికిరాదు.

వేళకు మందు పడిన లేతకాళ్లు చాలవరకు తిన్నగా పెరుగును. చుట్టాలు చూతురని బిడ్డను లోపల దాచినచో వ్యాధియే బలియును. ఆసుపత్రికి తీసికొని పొండు. ఇదియే మా మనవి.