క్లచ్ మీద కాలు – సంఘం మీద భారం



పాల వ్యానుకు క్లచ్ ప్లేటు తరచు మార్చవలసి వస్తుంటే, సామాను నాసిరకమని వెంటనే అనుకోకండి. ముందు డ్రైవరు ఎడమ కాలు చూడండి. కాలు ఎప్పుడూ పెడలు మీదే ఆనించి నడిపితే ప్లేటు పూర్తిగా పట్టదు. జారి, వేడెక్కి, త్వరగా అరిగిపోతుంది.

గేరు మార్చగానే కాలు తీసి పక్కన పెట్టాలి. ఎత్తు మీద బండిని హాఫ్ క్లచ్‌తో నిలపరాదు. హ్యాండు బ్రేకు వేయాలి. నిండు క్యాన్లతో బయలుదేరేటప్పుడు మొదటి గేరే వాడాలి. ఇంజను హోరెత్తినా వేగం అందుకోకపోతే, కాలిన వాసన వస్తే, ఆ రోజే మెకానిక్కుకు చూపించాలి.

వేసవిలో వ్యాను దారిలో ఆగిపోతే పాలు పులుస్తాయి. పులిసిన పాలకు ధర రాదు. ప్లేటు ఖర్చూ, పాల నష్టమూ రెండూ మన సంఘం లెక్కలోనే పడతాయి. కనుక ప్లేటు మార్చిన తేదీ, కిలోమీటర్లు లాగ్ పుస్తకంలో తప్పక వ్రాయించండి.