మెడలో బిళ్లను ధ్వనితో చూడటం



గొంతు నొప్పి వచ్చినప్పుడో, పన్ను పుచ్చినప్పుడో దవడ కింద బిళ్ల కట్టడం మీలో చాలామందికి అనుభవమే. అది వాచిన శోషరస గ్రంథి. మన శరీరంలో సుమారు 800 శోషరస గ్రంథులుంటే, వాటిలో 300 దాకా మెడలోనే ఉన్నాయి. నోరు, గొంతు, థైరాయిడ్ గ్రంథి నుంచి వచ్చే శోషరసం వీటి గుండానే పోతుంది. అందుచేత అక్కడ పుట్టిన కాన్సర్ కణాలు సాధారణంగా మొదట చిక్కుకొనేదీ వీటిలోనే. పొగాకు నమిలేవారు ఇంతమంది ఉన్న మన దేశంలో ఇది దూరపు సంగతి కాదు.

మరి ఆ బిళ్ల ఉత్త వాపా, కాన్సరా? వేళ్లతో తడిమి తేల్చడం కష్టం. ఇక్కడ భౌతికశాస్త్రం అక్కరకు వస్తుంది. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుదావేశం పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు కనుగొన్నారు. విద్యుత్తును ప్రయోగిస్తే అవే స్ఫటికాలు కంపిస్తాయి. స్కానింగ్ ప్రోబ్ ఈ రెండు పనులూ చేస్తుంది: అతిధ్వనులను పంపుతుంది, ప్రతిధ్వనులను అందుకుంటుంది. కణజాలంలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1540 మీటర్లు. పౌనఃపున్యం 10 మెగాహెర్ట్జ్ అయితే తరంగదైర్ఘ్యం ఎంత? భాగించి చూడండి, 0.15 మిల్లీమీటర్లు వస్తుంది. అందుకే అంత సూక్ష్మమైన వివరాలు కనబడతాయి. అయితే పౌనఃపున్యం పెరిగేకొద్దీ ధ్వని లోతుకు పోలేదు. మెడలోని గ్రంథులు చాలావరకు చర్మానికి దగ్గరగా ఉండటం మన అదృష్టం.

ఆరోగ్యంగా ఉన్న గ్రంథి తెరపై చిక్కుడుగింజలా కోలగా ఉంటుంది. చుట్టూ నలుపు, నడుమ తెల్లని నాభి. రక్తనాళాలు ఆ నాభి నుంచే లోపలికి వెళతాయి. కాన్సర్ చేరిన గ్రంథి తరచుగా గుండ్రబడుతుంది, నాభి చెరిగిపోతుంది. డాప్లర్ పద్ధతిలో చూస్తే రక్తం అంచుల వైపు నుంచి ప్రవేశిస్తూ ఉంటుంది. పొట్టి వ్యాసాన్ని పొడుగు వ్యాసంతో భాగిస్తే 0.5 దాటడం అనుమానానికి తావిస్తుంది. కానీ దవడ కింది గ్రంథులు మామూలుగానే కాస్త గుండ్రంగా ఉంటాయి సుమా!

మన దేశంలో మరో చిక్కు క్షయ. అది సోకిన గ్రంథి కూడా ఇలాగే గుండ్రబడి, నాభి కోల్పోయి కనిపించవచ్చు. కనుక బొమ్మను చూసి తీర్పు చెప్పరు. తెరపై చూస్తూనే సన్నని సూదితో కణాలను తీసి, సూక్ష్మదర్శిని కింద పరీక్షిస్తారు.

స్కానింగ్‌లో ఏమీ కనబడకపోతే నిశ్చింతగా ఉండవచ్చునని కొందరంటారు. నేను ఒప్పుకోను. 2 మిల్లీమీటర్ల కన్నా చిన్న కాన్సర్ ముద్ద గ్రంథి ఆకారాన్ని మార్చకుండానే లోపల దాగి ఉండగలదు. ముంబయిలోని టాటా మెమోరియల్ వైద్యులు 2015లో ఒక అధ్యయనం ప్రకటించారు. అందులోని 500 మందికీ తొలిదశ నోటి కాన్సర్. మెడలో గ్రంథులకు వ్యాధి సోకిన జాడ లేదు. నోటి శస్త్రచికిత్సతో పాటే మెడ గ్రంథులనూ తీయించుకున్నవారిలో మూడేళ్లకు 80 శాతం బ్రతికి ఉన్నారు. గ్రంథుల్లో వ్యాధి బయటపడ్డాకే తీద్దామని ఆగినవారిలో 67.5 శాతం.