బట్టల కాపలా

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో 1985 పదో తరగతి బ్యాచికి చెందిన ఒక ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)

  

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నువ్వు సముద్రం అడుగుకు దిగుతావట కదా, దాని గురించి పావుగంట మాట్లాడు" అన్నారు. చేపలూ పగడపు దిబ్బలూ చూడాలంటే హాలు బయట ఫోటోలు పెట్టాను, వెళ్ళేటప్పుడు చూడండి. నేను చెప్పదలుచుకున్నది నీళ్ళలో కనిపించే వాటి గురించి కాదు, నీళ్ళలో దిగేముందు మనం ఒడ్డున వదిలేసే వాటి గురించి. కరీబియన్ దీవుల్లో డైవింగ్‌కు వెళ్ళేవాళ్ళు ఎక్కువగా మాట్లాడుకునేది సొరచేపల గురించి అనుకుంటారు మీరు. కాదండీ, దొంగల గురించి.

కొన్నేళ్ళు నేను ట్రినిడాడ్‌లోని పాయింట్ లిసాస్‌లో పనిచేశాను. అక్కడ అమ్మోనియా, మిథనాల్ ప్లాంట్లు వరసగా ఉంటాయి. సెలవు దొరికితే పక్కనున్న టొబాగోకు వెళ్ళి డైవింగ్ నేర్చుకున్నాను. ఆ తర్వాత ఒకసారి బొనేర్ వెళ్ళాం. వెనిజులా తీరానికి ఉత్తరాన సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న దీవి అది, నెదర్లాండ్స్ పాలనలో ఉంది. అక్కడ డైవింగ్‌కు పడవ అక్కర్లేదు. రోడ్డు పక్కన పసుపు రంగు వేసిన రాళ్ళుంటాయి, వాటి మీద ఆ చోటు పేరు ఉంటుంది. అద్దెకు తీసుకున్న ట్రక్కు అక్కడ ఆపి, సిలిండరు వీపుకు తగిలించుకుని, కాలువ రేవులోకి దిగినట్టు నడిచి దిగిపోవడమే. ఇలా ఒడ్డు నుంచి దిగే చోట్లు 60కి పైనే ఉన్నాయి.

మనకెంత సౌకర్యమో దొంగకూ అంతే సౌకర్యం. ట్రక్కు ఆగి ఉంది, మనిషి లేడు అంటే ఇంకో ముప్పావు గంట దాకా పైకి రాడని వాడికి తెలుసు. ఇంత ఖచ్చితమైన సమాచారం బెజవాడ బస్టాండులో జేబుదొంగకు కూడా దొరకదు. అందుకే అక్కడ అనుభవమున్న వాళ్ళు ముందే చెబుతారు: తలుపులకు తాళం వేయొద్దు, అద్దాలు దించే ఉంచండి, లోపల మాత్రం ఏమీ పెట్టొద్దు. తాళం వేస్తే లోపలేదో ఉందనుకుని అద్దం పగలగొడతారు. గవర్నర్‌పేటలో పెరిగినవాడికి ఈ మాట మింగుడుపడదు. మా అమ్మ పెరట్లోకి వెళ్ళినా వీధి తలుపు గడియ వేసి వెళ్ళేది.

నాతో వచ్చినాయనది తెనాలి. ఆయన బండికి తాళం వేశాడు. సీటు కింద బ్యాగులో ఫోను, కళ్ళద్దాలు, కొంత డబ్బు. "ఎవరొస్తారు సార్ ఇక్కడికి, కాకి కూడా లేదు" అన్నాడు. దిగాం. 20 మీటర్ల లోతులో ఉండగా నా భుజం తట్టి, నడుము దగ్గర జేబు తడుముకుని చూపించి, ఒడ్డు వైపు వేలు చూపించాడు. సంగతి నాకు అర్థమైంది. నేను తలూపేలోపే పైకి లేవడం మొదలుపెట్టాడు.

ఇక్కడ కాస్త ఇంజనీరింగు చెప్పాలి. నీళ్ళలో ప్రతి 10 మీటర్ల లోతుకూ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 20 మీటర్ల దగ్గర మన మీద పడేది ఒడ్డున పడే దానికి మూడు రెట్లు. ఆ పీడనంలో పీల్చిన నైట్రోజన్ రక్తంలో, కండరాల్లో కరుగుతుంది. మెల్లగా పైకొస్తే మెల్లగా బయటికి పోతుంది. గబగబా వస్తే ఏమవుతుందో గోలీ సోడా తాగిన ప్రతివాడికీ తెలుసు. గోలీ నొక్కగానే బుస్సుమని బుడగలు లేస్తాయి చూడండి, అది ఒంట్లో జరుగుతుంది. కీళ్ళు పట్టేయొచ్చు, కాళ్ళు పడిపోవచ్చు. ఊపిరి బిగబట్టి లేస్తే ఊపిరితిత్తులే చిట్లొచ్చు. అందుకే నిమిషానికి 9 మీటర్లకు మించకుండా లేవాలి, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి.

నేను ఆయన జాకెట్టు పట్టుకుని ఆపాను. ఆ మూడు నిమిషాలూ ఆయన నా కళ్ళలోకి చూస్తూ నన్ను ఎన్ని తిట్టాడో! నోట్లో గొట్టం ఉంది కాబట్టి సరిపోయింది. పైకొచ్చి చూస్తే అద్దం పగిలి ఉంది, బ్యాగు లేదు. "మీరు ఆపకపోతే వాడు దొరికేవాడు సార్" అన్నాడు. దొరికేవాడేమో. ఒంటరి ఒడ్డున, వీపున సిలిండరుతో, కాళ్ళకు రబ్బరు రెక్కలతో ఉన్న మనిషి దొంగను పట్టుకుని ఏం చేస్తాడు? వాడి చేతిలో ఏముంటుందో ఎవరికి తెలుసు? మిగిలిన మూడు రోజులూ ఆయనకు మెనూ కార్డు నేనే చదివి పెట్టాను.

ఇంకో రకం వాళ్ళనూ చూశాను. ఇద్దరొస్తారు. ఒకరు బండి దగ్గర కాపలా ఉంటారు, రెండోవాళ్ళు ఒక్కరే దిగుతారు. డైవింగ్‌లో మొట్టమొదట నేర్పేది జంటగా దిగమని. ఒకరి గాలి అయిపోతే రెండోవాళ్ళ సిలిండరు నుంచి పీల్చుకోవాలి. కెమెరా పోతుందేమోనని ఆ జంటనే విడదీసేస్తారు.

వాళ్ళను తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఎందుకో ఇప్పుడు చెబుతాను. మూడో వరుసలో కూర్చున్న నా మిత్రుడి అనుమతి తీసుకునే చెబుతున్నాను.

1983 జూన్. కాలువలకు నీళ్ళు వదిలిన కొత్త. వేసవంతా బురద తేలి ఉన్న ఏలూరు కాలువ నిండుగా, ఎర్రగా పారుతోంది. బడి వదలగానే ఆరుగురం వెళ్ళాం. అంతకు ముందు వారమే గట్టు మీద పెట్టిన రెండు చొక్కాలు ఎవరో ఎత్తుకుపోయారు, ఇంట్లో దెబ్బలు పడ్డాయి. అందుకని వంతులు వేసుకున్నాం. ఆ రోజు బట్టల కాపలా వంతు నాది. నేను చాలా బాధ్యతగా చేశాను. చొక్కాలు, నిక్కర్లు, పుస్తకాలు కుప్పగా పెట్టి, దొంగ వచ్చేది రోడ్డు వైపు నుంచి కాబట్టి రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాను. నీళ్ళ వైపు నా వీపు.

వెనక కేకలు వినపడ్డాయి. ఆడుకుంటున్నారనుకున్నాను. తర్వాత ఒక పెద్ద కేక. తిరిగి చూసేసరికి, దిగువ రేవులో బట్టలు ఉతుకుతున్నాయన నీళ్ళలో ఉన్నాడు, మా వాడి జుట్టు ఆయన గుప్పిట్లో ఉంది. గట్టు మీద బోర్లా పడుకోబెట్టారు. వాడు నీళ్ళు కక్కుకుని ఏడ్చేదాకా మా ఎవరికీ ఊపిరి ఆడలేదు. బట్టలు మాత్రం ఒక్కటి కూడా పోలేదు.

ఇంట్లో చెప్పకూడదని ఒట్టు వేసుకున్నాం. కానీ మర్నాడు ఆయనే బడికొచ్చి చెప్పారు. మా తెలుగు మాస్టారు, ఈ రోజు వేదిక మీదే ఉన్నారు, మమ్మల్ని వరండాలోకి పిలిచారు. కొడతారనుకుని చేతులు చాపాం. కొట్టలేదు. నన్నొక్కడినే ఉంచి, "నువ్వు దేనికి కాపలా ఉన్నావురా?" అని అడిగారు. "బట్టలకండీ" అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు, క్లాసుకు వెళ్ళమన్నారు. మాస్టారూ, మీకు గుర్తుందో లేదో, నాకు మాత్రం బొనేర్‌లో ఆ మూడు నిమిషాలూ మీ ప్రశ్నే వినపడింది.

2016 ఆగస్టు 12 నుంచి 23 దాకా మన కృష్ణా పుష్కరాలు జరిగాయి. మా ఇంటికి చుట్టాలు దిగారు, అందరం కలిసి పద్మావతి ఘాట్‌కు వెళ్ళాం. బ్యాగుల దగ్గర మేనత్తను కూర్చోబెట్టాం. నీళ్ళలో ఉన్నవాళ్ళందరూ ఒడ్డు వైపు తిరిగి, "అత్తయ్యా, ఆ ఎర్ర బ్యాగు చూడు" అని కేకలు. అప్పుడు నేను గమనించింది చెబుతాను. మునిగే ఆడవాళ్ళలో చాలామంది ఒక చెయ్యి మెడలో గొలుసు మీద ఉంచి మునుగుతున్నారు. చంకలో పిల్ల ఉంటే పిల్లను పట్టుకోవడానికి మిగిలేది ఒక్క చెయ్యే. మగవాళ్ళు నడుముకు ప్లాస్టిక్ కవర్లో ఫోను కట్టుకుని, నిమిషానికోసారి తడుముకుంటున్నారు. కాలి కింద మెట్టు పాకుడు పట్టి ఉందా, ఆఖరి మెట్టు ఎక్కడుంది, ఎవరూ చూడటం లేదు. పుష్కరాలకంటే గజ ఈతగాళ్ళను పెడతారు, కంచెలు కడతారు. కార్తీక మాసంలో ఒక మామూలు సోమవారం తెల్లవారుజామున ఘాట్లో ఎవరుంటారు?

నగలు ఇంట్లో పెట్టి రండి, ఫోన్లు ఇంటికొకటి చాలు అని మా వాళ్ళకు ముందే చెప్పాను. పెద్దమ్మ ఒక్కతే విన్నది. మిగతావాళ్ళు, "పుష్కరానికి బోసి మెడతో ఎలా వెళ్తాం?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. గొలుసు వదలరు, బ్యాగు వదలరు. అయితే ఆ కాపలా వేరే ఎవరైనా తీసుకోవాలి.

పన్నెండేళ్ళ లెక్కన 2028లో మళ్ళీ పుష్కరాలు. మన సంఘానికి నా ప్రతిపాదన ఒకటే. ఒక ఘాట్లో, అధికారుల అనుమతి తీసుకుని, మనం సామాన్ల పందిరి వేద్దాం. టోకెను ఇచ్చి బ్యాగు తీసుకోవాలి, టోకెను తాడు మెడలో వేసుకునేట్టు ఉండాలి, తడిసినా పాడవకూడదు. గొలుసులూ డబ్బూ మాత్రం మనం తీసుకోవద్దు, ఆ తగాదాలు మనం పడలేం. బ్యాగుల దగ్గర కూర్చునే ఆ అత్తయ్యలు మెట్ల మీదికొచ్చి తమవాళ్ళను చూసుకుంటారు. ఖర్చు పెద్దగా ఉండదు, పన్నెండు రోజులకూ మనుషులు మాత్రం కావాలి.

భోజనాల హాలు గుమ్మం దగ్గర ఒక పుస్తకం పెట్టాం. పేరు, బ్యాచి, ఈత వచ్చో రాదో రాయండి. రానివాళ్ళను పందిరి దగ్గర, వచ్చినవాళ్ళను మెట్ల దగ్గర వేస్తాం. నా పేరు మెట్ల దగ్గర రాశాను, నది వైపు తిరిగి నిలబడతాను. మూడో వరుస ఆయన పొద్దున్నే వచ్చి, తన పేరు బ్యాగుల దగ్గర రాసి వెళ్ళాడు. వాడికి ఇప్పటికీ ఈత రాదు.