సైకిల్ చైనుకు నూనె ఎక్కడ వేయాలి?



చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో ఏ పల్లెకు పోయినా గోడకు చేరేసిన సైకిళ్ళు కనబడతాయి. కర్ణాటక ప్రభుత్వం 2006-07లో మొదలుపెట్టిన పథకం కింద ఎనిమిదో తరగతి పిల్లలకు ఇచ్చినవీ వాటిలో ఉంటాయి. టైర్లు బాగుంటాయి, బెల్లు మోగుతుంది. చైను మాత్రం కట్టెలాగా బిగుసుకుపోయి ఉంటుంది.

మా బడిలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకసారి వారం రోజులు రాలేదు. ఇంటికి పోయి అడిగాను. "చైను తెగిపోయింది సార్. ఆరు కిలోమీటర్లు ఆడపిల్లను ఒంటిగా ఎట్ల నడిపించేది?" అంది వాళ్ళమ్మ. ఆ చైను చేతిలోకి తీసుకుని చూశాను. నూనె లేక తెగిందేమో అనుకున్నాను. కానే కాదు. నూనె బోలెడు ఉంది! దానిమీద మన ఎర్రమట్టి అట్టకట్టి ఉంది. వాళ్ళ నాయన వారం వారం తప్పకుండా శెనక్కాయ నూనె పోసేవాడట. పాపం, బాగుపడాలనే పోశాడు.

ఇక్కడే మనం పొరపాటు పడుతున్నాం. చైనును ఒకసారి దగ్గరగా చూడండి. బయటి రేకులు, లోపలి రేకులు, వాటిని కలిపే పిన్నులు, పిన్ను చుట్టూ ఒక గొట్టం, ఆ గొట్టంమీద తిరిగే చిన్న రోలరు. 1880లో ఇంగ్లండులోని మాంచెస్టరులో హాన్స్ రెనాల్డ్ అనే ఇంజనీరు కనిపెట్టిన ఏర్పాటు ఇది. నేటికీ పెద్దగా మారలేదు. ఇందులో రాపిడి జరిగేది పిన్నుకూ గొట్టానికీ మధ్య. నూనె కావలసింది అక్కడ. బయటి రేకులకు తుప్పు పట్టకుండా సన్నని పొర ఉంటే చాలు. అక్కడ తడిగా నిలిచిన నూనె దుమ్మును పిలుస్తుంది. నూనె, సన్నని ఇసుక కలిస్తే ఏమవుతుంది? సాన పట్టినట్టే! కొడవలికైతే పదును వస్తుంది, చైనుకైతే అరుగుదల వస్తుంది.

వంటనూనె సంగతి ఇంకా కష్టం. మీ ఇంట్లో నూనె డబ్బా మూత చుట్టూ వేలు పెట్టి చూడండి, బంకగా తగులుతుంది. చైనులోనూ అంతే. మెకానిక్ దగ్గర ఊరికే దొరికే నల్లటి పాత ఇంజను నూనె కూడా వద్దు. అందులో మసి, ఇనుప పొడి ఉంటాయి, ఒంటికీ మంచిది కాదు. కుట్టుమిషన్ నూనె ఫరవాలేదు. వానాకాలంలో కాస్త చిక్కగా ఉండే కొత్త ఇంజను నూనె మేలు.

ఇక పని ఎలా చేయాలంటే, సైకిలుకు స్టాండు వేయండి. చైను కవరు ఉంటే విప్పండి. టెంకాయ చిప్పలో కాస్త సీమనూనె పోసుకుని, పాత పళ్ళ బ్రష్షు ముంచి, చైను కింది వరుసను నాలుగు వైపులా రుద్దండి. పెడల్‌ను వెనక్కి తిప్పుతూ పోతే కొత్త లంకెలు ముందుకొస్తాయి. సీమనూనె వెనక ఫ్రీవీల్‌లోకి, టైరుమీదికి కారనివ్వకండి. పొయ్యి దగ్గర, బీడీ కాల్చేవాళ్ళ దగ్గర ఈ పని పెట్టుకోకండి.

పిల్లలకు ఒక మాట గట్టిగా చెప్పండి. ఒక చేత్తో పెడల్ తిప్పుతూ, ఇంకో చేతి గుడ్డను పళ్ళచక్రం దాకా పోనివ్వకూడదు. చైనుకూ పళ్ళకూ మధ్య వేలు పడితే తెగిపోతుంది. గుడ్డను ఎప్పుడూ కింది వరుస నడిమధ్యలోనే పట్టుకోవాలి.

తుడిచి, బాగా ఆరనిచ్చాక నూనె. ఒక లంకెకు సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి. అక్కడినుంచి ఒక్కో రోలరుకు ఒక్కో చుక్క, రేకుల సందులోకి దిగేటట్టు. వందకు పైగా లంకెలుంటాయి. ఓపిక కావాలి, ఒప్పుకుంటాను. తర్వాత పెడల్‌ను ఇరవై ముప్పై సార్లు వెనక్కి తిప్పి, పది నిమిషాలు ఆగి, పొడిగుడ్డతో బయటి నూనెనంతా తుడిచేయండి. మీరు అడగవచ్చు, పోసిందెందుకు, తుడిచేదెందుకు అని. లోపలికి పోయింది లోపలే ఉంటుంది, తుడిచేది దుమ్మును పిలిచేదాన్ని. చాలామంది వదిలేసేది ఈ పనినే. కవరు మళ్ళీ బిగించడం మరవకండి. లంగా అంచు, ప్యాంటు కాలు చిక్కుకోకుండా కాపాడేది అదే.

చైను సాగింది అంటాం గదా, నిజానికి ఇనుము సాగదు. ప్రతి పిన్నూ కొంచెం కొంచెం అరిగి, ఆ సందులన్నీ కలిసి పొడవు పెరుగుతుంది. పిల్లవాడి సంచీలోని స్కేలుతోనే దీన్ని కొలవవచ్చు. పిన్నుకు పిన్నుకు అర అంగుళం దూరం. అంటే ఒక పిన్ను నడుమనుంచి 24 లంకెలు లెక్కపెడితే సరిగ్గా 12 అంగుళాలు రావాలి. దానిమీద ఇంకో అంగుళంలో ఎనిమిదో వంతు పెరిగిందంటే, ఆ చైనుకు ఎంత నూనె పోసినా లాభం లేదు, మార్చవలసిందే. ఎనిమిదో తరగతి పిల్లలకు భిన్నాల లెక్క నేర్పడానికి నేను దీన్నే వాడుకుంటున్నాను. కన్నడం పుస్తకంలో సరపళి అని చదివి, బయటికొచ్చి చైనే అంటారు వాళ్ళు.

కొత్త చైను వేసేటప్పుడు రెండు కొసలను కలిపే లాకును చూడండి. దాని మూసిన కొస చైను పరుగెత్తే దిక్కుకు, అంటే పై వరుసలో ముందు చక్రం వైపుకు ఉండాలి. తిరగేసి పెడితే దేనికైనా తగిలి ఊడిపోతుంది. నడుమ వేలితో ఎత్తి చూస్తే చైను అర అంగుళం పైకీ కిందికీ ఆడాలి.

ఆ అమ్మాయి సైకిలుకు ఇలాగే కొత్త చైను వేయించాం. సోమవారం బడికి వచ్చింది. ఇప్పుడు వాళ్ళ నాయన చేతికి నూనె గిన్నె ఇవ్వదట, తానే చుక్క చుక్కగా వేసుకుంటుందట.