ధర పాళీలో ఉందా, జేబులో ఉందా?

(సంఘ వార్షికోత్సవంలో విద్యార్థులకు బహుమతులు పంచిన సభలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను 'విద్య ఆవశ్యకత'ను గురించి మాట్లాడమన్నారు. ఆ విషయం ఏటేటా ఈ వేదిక మీద ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. అందుచేత వారి అనుమతితో ఈ రోజు ఒక చిన్న వస్తువును గురించి నాలుగు మాటలు చెబుతాను. ఇందాక లోపల బల్ల మీద బహుమతులు చూశాను. ప్రథమ బహుమతి ముఖమల్ గుడ్డ పరచిన డబ్బాలో పెట్టిన ఖరీదైన పెన్ను. దాన్ని చూస్తూ ఒక పిల్లవాడు పక్కవాడితో అంటున్నాడు: "ఇట్లాంటి పెన్నుంటే నేనూ ఫస్టు వచ్చేవాణ్ణిరా!"

ఆ మాట విన్న దగ్గర నుంచి నా మనసు మనసులో లేదు. ఖరీదైన పెన్ను నిజంగా చవక పెన్ను కంటె ఎక్కువ విలువ చేస్తుందా? నవ్వి ఊరుకోవలసిన ప్రశ్న కాదిది. మనలో చాలామంది తల్లిదండ్రులు రోజుకూలి మీద బ్రతికేవాళ్ళు.

ముందు బాల్ పెన్ను సంగతి చూద్దాం. దీన్ని వాడుకలోకి తెచ్చినవాడు హంగరీ దేశపు పత్రికా రచయిత లాస్లో బీరో. 1938లో పేటెంటు తీసుకున్నాడు. 1945లో అమెరికాలో, న్యూయార్కు నగరంలో, మొట్టమొదటిసారి బాల్ పెన్నులు అమ్మకానికి పెట్టినప్పుడు ఒక్కొక్కటి పన్నెండున్నర డాలర్లు. ఆ రోజుల్లో అది చాలా పెద్ద మొత్తం. అయినా జనం విరగబడి కొన్నారు. కొన్న తరువాత చూస్తే అవి ఇంకు కక్కేవి, మధ్య మధ్య వ్రాయక మొరాయించేవి. చాలామంది తిరిగి తెచ్చి ఇచ్చేశారు. 1950లో ఫ్రాన్సులో మార్సెల్ బిక్ అనే ఆయన గాజులాగా లోపలి ఇంకు కనపడే చవక పెన్ను ఒకటి తయారు చేశాడు. స్విట్జర్లాండు యంత్రాలతో, మిల్లీమీటరులో నూరోవంతు కూడా తేడా రాకుండా, బంతిని, అది కూర్చునే గిన్నెను చేయించాడు. అది చక్కగా వ్రాసింది.

చూశారా విచిత్రం! బాల్ పెన్ను సరిగా వ్రాయని రోజుల్లో ఖరీదుగా ఉన్నది. సరిగా వ్రాయడం నేర్చుకున్నాక చవక అయింది. ఇప్పుడు పది రూపాయలకు దొరికే పెన్ను చివర కూడా టంగ్‌స్టన్ కార్బైడ్ అనే గట్టి పదార్థంతో చేసిన బంతి ఉంటుంది. చవక పెన్ను నాసిది గనుక చవక కాదు. కోట్ల సంఖ్యలో యంత్రాల మీద తయారవుతుంది గనుక చవక. ఈ తేడా పిల్లలకు చెప్పవలసిన బాధ్యత మనది.

అయితే ఖరీదైన పెన్నుకు పెట్టే డబ్బంతా వృథాయేనా? అట్లా అనడం అన్యాయం. మంచి ఫౌంటెన్ పెన్నుకు బంగారు పాళీ ఉంటుంది. 14 క్యారట్ల పాళీ అంటే నూటికి 58 పాళ్ళకు పైగా బంగారం. వెనుకటి ఇంకులలో ఆమ్లం ఉండేది. అది మామూలు ఉక్కును తినేసేది, బంగారాన్ని ఏమీ చెయ్యలేకపోయేది. అందుకని బంగారం వచ్చింది గాని షోకు కోసం కాదు. కాని బంగారం మెత్తన. కాగితం మీద రాసుకునేది బంగారం కానే కాదు, దాని కొనకు అతికించిన అతి గట్టి లోహపు బిందువు. ఇప్పుడు తుప్పు పట్టని ఉక్కు పాళీలు వచ్చాయి. వాటి కొనకూ అటువంటి బిందువే ఉంటుంది. అందుచేత ఉక్కు పాళీకీ బంగారు పాళీకీ వ్రాతలో తేడా ధరలో ఉన్నంత లేదు.

మన రాజమండ్రిలో 1930వ దశకం తొలినాళ్ళలోనే రత్నం పెన్నులు మొదలైనాయి. గాంధీజీ స్వదేశీ పిలుపు విని, విదేశీ కలాలకు బదులుగా మన చేతితో చేసిన కలం ఉండాలని కె.వి. రత్నంగారు పూనుకున్నారు. రబ్బరులో గంధకం కలిపి గట్టిపరిచిన ఎబొనైటు కడ్డీలను లేతు మీద చెక్కి చేసిన పెన్నులు అవి. గాంధీజీ ఆ పెన్ను వాడి చూసి, బాగుందని 1935లో స్వయంగా లేఖ వ్రాశారు. ఇటువంటి పెన్నుకు పది రూపాయల పెన్ను కంటె ఎక్కువ ఇవ్వడం న్యాయమే. అందులో ఒక మనిషి చేతిపని ఉన్నది. పాళీ అరిగితే పాళీ, నాలుక చెడితే నాలుక మార్చుకోవచ్చు. ఏళ్ళ తరబడి వస్తుంది. బాల్ పెన్ను అయిపోగానే పారేస్తాం, ఆ ప్లాస్టిక్కు మట్టిలో అట్లాగే పడి ఉంటుంది.

కనుక నా లెక్క ఇది. పెన్ను ధరలో మొదటి భాగం వ్రాతకు, రెండవ భాగం మన్నికకు, మూడవ భాగం జేబుకు. జేబుకు అంటే చొక్కా జేబులోంచి నలుగురికీ కనపడే క్లిప్పుకు అన్నమాట. మొదటి రెండు భాగాలూ కొన్ని వందల రూపాయలతో తీరిపోతాయి. అరలక్షకు పైగా పలికే విదేశీ పెన్నులున్నాయి. వాటిలో మిగిలినదంతా పేరుకూ, నగిషీకీ, జేబుకే. స్తోమత ఉన్నవారు సంతోషం కోసం కొనుక్కుంటే తప్పు పట్టను. పెన్ను మీద మనసు పడని మాస్టరెవరు? కాని అప్పు చేసి కొనవద్దు.

మన ఉర్దూ కాతిబులను తలచుకోండి. రెల్లుకాడను ఏటవాలుగా కోసి, కొనను చీల్చి కలం చేసుకునేవారు. ఖరీదు దాదాపు ఏమీ లేదు. ఆ కలం కొన కాగితం మీద పెట్టే చుక్కే అక్షరానికి కొలమానం. అలిఫ్ ఎన్ని చుక్కల పొడవో, బే ఎంత వెడల్పో ఆ చుక్కతోనే కొలిచేవారు. ఈ కొలతల పద్ధతిని స్థిరపరచినవాడని పదవ శతాబ్దపు బాగ్దాదు మంత్రి ఇబ్న్ ముఖ్లాకు పేరు. కలంలో ఖరీదైనది కోత. ఆ కోత చేతికి పట్టుబడడానికి ఏళ్ళు పట్టేది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎనిమిదో తరగతిలో ఒక కుర్రవాడి దస్తూరి చూసి నాకు ఒళ్ళు మండింది. రీఫిల్లుకు కాగితం చుట్టి వ్రాస్తున్నాడు. "ఇదేం పెన్నురా! ఇంకుపెన్నుతో వ్రాసుకొచ్చి చూపించు" అని తరగతి అందరి ముందూ దాన్ని కిటికీలోంచి విసిరేశాను. పిల్లలంతా నవ్వారు. మరునాటి నుంచి వాడు బడికి రాలేదు. నాలుగోనాడు ఇంటికి వెళ్ళాను. వాళ్ళమ్మ కుట్టుమిషను ముందు నుంచి లేచి, కొంగు సవరించుకుని, "మాస్టరుగారూ, ఇంకుపెన్ను కొనేదాకా రావద్దన్నారంట గదా! కుట్టుకూలి శుక్రవారం ఇస్తారు, శనివారం పంపిస్తాను" అన్నది.

నేను రావద్దు అనలేదు. కాని వాడికి వినిపించింది అదే. నాకు తల ఎత్తుకోబుద్ధి కాలేదు. నా దగ్గరున్న ఇంకుపెన్ను ఇచ్చి బడికి తీసుకువచ్చాను. తీరా చూస్తే దానితోనూ అదే దస్తూరి! తరువాత ఏం చేశామంటే, రోజూ బడి వదిలాక అరగంట నా పక్కన కూర్చోబెట్టుకుని చూచిరాత వ్రాయించాను. పెన్ను పట్టే తీరు మార్చాను. నాలుగైదు నెలలకు అక్షరం కుదురుకున్నది. అప్పటికి వాడు మళ్ళీ మామూలు బాల్ పెన్నుతోనే వ్రాస్తున్నాడు. ఆ అరగంట ముందే ఇచ్చి ఉంటే వాడి నాలుగు రోజుల చదువూ పోయేది కాదు, ఆ తల్లి నాకు సంజాయిషీ చెప్పుకునేదీ కాదు.

అందుకని సంఘం పెద్దలకు నాదొక మనవి. ఈ ఏటి బహుమతి ఇచ్చేయండి, గెలిచిన అమ్మాయి సంతోషానికి అడ్డు రాను. వచ్చే ఏడు నుంచి మాత్రం ఆ ఒక్క పెన్ను డబ్బుతో చిన్న తరగతుల పిల్లలకు ఉక్కుపాళీ ఇంకుపెన్నులు, రెండుగీతల పుస్తకాలు కొనండి. బాల్ పెన్నును నొక్కి వ్రాయాలి, ఇంకుపెన్నుకు ఆ నొక్కుడు అక్కరలేదు. నేర్చుకునే చేతికి అది తేలిక. వారానికి రెండు సాయంత్రాలు దగ్గర కూర్చుని వ్రాయించడానికి నేను వస్తాను. నాకు జీతం వద్దు, టీ ఇస్తే చాలు.

ఇక ఆ ముందు వరుసలో కూర్చున్న బాబూ, ఇందాక మాట్లాడింది నువ్వే గదా! తల వంచుకోకు. నీ జేబులో ఉన్న పెన్ను నేను చూశాను. అది వ్రాస్తుందా? వ్రాస్తే, పరీక్షకు అది చాలు.