గాలి హోరుకు గుండె దడ

అక్టోబరు, నవంబరు నెలలొస్తే కోస్తాలో తుఫాను కబుర్లు మొదలవుతాయి. అల్పపీడనం అన్న మాట చెవిన పడగానే గుండె దడదడలాడి, అరచేతులు చెమర్చి, రాత్రంతా కునుకు పట్టనివాళ్ళుంటారు. 2014 అక్టోబరు 12న విశాఖలో హుద్‌హుద్ తుఫాను హోరు విన్నవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. వాళ్ళతో ఇంటిల్లిపాదీ అనే మాట ఒకటుంది: "మరీ ఇంత పిరికితనమా, గుండె దిటవు చేసుకో!" పిరికితనానికీ దీనికీ ఏం సంబంధమండీ? ఆపద వేళ ఎడ్రినలిన్ రక్తంలోకి దిగి ఒంటిని పరుగుకో పోరుకో సిద్ధం చేస్తుంది. మనం ఆలోచించేలోపే అది జరిగిపోతుంది. ఆనాటి హోరును గుర్తుపెట్టుకున్న మెదడు, అలాంటి చప్పుడు వింటే చాలు, మళ్ళీ అదే పని చేయిస్తుంది. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం ఇలా వెంటాడే భయాన్ని జబ్బుల పట్టికలో చేర్చడానికి వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికుల అవస్థ ఒక పెద్ద కారణం. వాళ్ళనూ పిరికివాళ్ళందామా?

1977 నవంబరు 19 ఉప్పెనకు దివిసీమ అల్లకల్లోలమైంది, వేలమంది పోయారు, మిగిలినవాళ్ళు ఏ డాక్టరునూ అడక్కుండానే బతకలేదా అంటారు. బతికారు. ఎక్కువమంది ఎవరంతట వాళ్ళే తేరుకుంటారన్నదీ నిజమే. తలదాచుకునే చోటు, వేళకు తిండి, పక్కన అయినవాళ్ళు ఉంటే ఆ తేరుకోవడం సులువవుతుంది. దెప్పితే ఆ దడకు సిగ్గు కూడా తోడవుతుంది. "అంతా చెప్పి ఏడ్చెయ్, బరువు దిగుతుంది" అని పట్టుబట్టడమూ మంచిది కాదు. చెప్పాలనిపిస్తే వాళ్ళే చెబుతారు. మొదటి నెలలో ఈ బాధకు బెంజోడయాజెపీన్ రకం మత్తుమాత్రలు ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది. పొరుగింటివాళ్ళ మాత్ర అడిగి మింగించేవాళ్ళు ఇది వినాలి.

మరేం చేయాలి? మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించి నాడి చూడండి. ఊపిరి పీల్చేటప్పుడు కాస్త వడి అందుకుని, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. వయసులో ఉన్నవాళ్ళకు ఇంకా బాగా తెలుస్తుంది. మెదడు నుంచి గుండెకు దిగే వేగస్ నరం చేసే పని అది. నెమ్మదించమంటే గుండె మన మాట వినదు, ఊపిరి వింటుంది. అందుకే ముక్కుతో మెల్లగా పీల్చి, అంతకంటే ఎక్కువసేపు వదలండి, నాలుగైదు నిమిషాలు. గబగబా పీలిస్తే తల తిరుగుతుంది, ఆ పని చేయకండి. ఊపిరితో పోయిన ఇల్లు తిరిగొస్తుందా అని అడిగితే, రాదు. ఆ రాత్రికి నిద్ర రావచ్చు. నెల దాటినా పీడకలలు, ఉలికిపాటు వదలకపోతే డాక్టరుకు చూపించండి, లేదా టెలీమానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణికి, 14416 నంబరుకు ఫోన్ చేయించండి. ఆ మనిషి మాట్లాడుతుంటే పక్కన నిలబడి "ఇంత చిన్నదానికి ఫోనెందుకు" అని మాత్రం అనకండి.