సాంచా పక్కన నేర్చిన చదువు



సోలాపూర్ దుప్పటిని, తువ్వాలును దేశమంతా ఎరుగును. రెండింటికీ భౌగోళిక గుర్తింపు ఉన్నది. వాటిని నేసిన వారిలో ఎందరో తరాల క్రితం తెలంగాణ ప్రాంతం నుండి వచ్చిన పద్మశాలి కుటుంబాలవారు. ఈ విద్యను మాకు ఏ పాఠశాలా నేర్పలేదు.

మా కాలంలో కార్ఖానాలో చేరిన కుర్రవాడు మొదట నేల ఊడ్చేవాడు, సాంచాకు నూనె పోసేవాడు, తెగిన పడుగు పోగుకు ముడి వేయడం పక్కవానిని చూచి నేర్చేవాడు. జాబరు ఏదీ వివరించడు. అతనికి పానా అందిస్తూ నిలిచినవానికే పని పట్టుబడేది. చేతికంటె ముందు చెవి నేర్చుకొనును. నాడె చప్పుడు మారితే ఎక్కడ తోలు అరిగినదో చూడకుండానే చెప్పగలిగిన నాడు అతడు సగం జాబరైనట్లే.

జాబరు పదవికి మంచి పేరు మాత్రమే ఉన్నదనలేను. బొంబాయి మిల్లులలో పని చూపేవాడూ అతడే, మనుషులను చేర్చేవాడూ అతడే; కనుక లంచానికి దారి ఏర్పడినది. 1931లో వెలువడిన రాయల్ కార్మిక కమిషన్ నివేదిక దీనిని ఆక్షేపించినది. నేను లంచం తీసుకోలేదు. కాని నా తప్పు వేరొకటి ఉన్నది.

నేను జాబరునైన రెండవ యేట, కండెలు చుట్టే ఒక అక్క నన్ను పిలిచి, "తమ్మీ, ఈ పెట్టెల రెండు తీర్ల నూలున్నది. పట్టుకుంటె తెలుస్తలేదా?" అన్నది. కండెల గదివారికి నూలు సంగతి మాకంటె ఎక్కువ తెలియునా అనుకొన్నాను. అద్దకం తరువాత తువ్వాళ్లపై చారలు తేలినవి. యజమాని ఆ నష్టాన్ని ఆమె కూలిలో కోసినాడు. నేను నోరు విప్పలేదు. ఆ తరువాత కూడా ఆమె నాతో పిల్లల గురించి, ఊరి గురించి మాట్లాడినది. నూలు గురించి మాత్రం మరెన్నడూ ఒక్క మాట చెప్పలేదు.

20 మంది, అంతకు మించి కార్మికులున్న చోట ఫిర్యాదుల పరిష్కార సంఘం ఉండవలెనని, అందులో యజమాని పక్షం, కార్మిక పక్షం సమసంఖ్యలో ఉండవలెనని, స్త్రీలకు వారి సంఖ్యకు తగిన పాలు దక్కవలెనని 2020 నాటి పారిశ్రామిక సంబంధాల స్మృతి చెప్పుచున్నది. పెద్ద కార్ఖానాలలో పనిచేయువారు దీనిని అడిగి తీరవలెను. మన చిన్న షెడ్లలో అంతమంది ఉండరు. అక్కడ మనమే ఏర్పాటు చేసుకోవలెను.

మా అబ్బాయి జాబరుగా ఉన్న చోట షిఫ్టు మారే వేళ పది నిమిషాలు అందరూ కూర్చుందురు. మొదటి మాట కండెల గదిది. ఇద్దరు స్త్రీలు సాంచా విప్పి బిగించడం కూడా నేర్చుకొంటున్నారు. పది నిమిషాలు పోయినవని యజమాని గొణుగుతూనే ఉన్నాడు. మొన్న కండెల గదివారు ఒక నూలు పెట్టెను విప్పకుండానే వెనుకకు పంపించినారు.